గోధుమ పడనివారికి దిబ్బరొట్టె

ఉదయపు ఆహారము దినమంతటికి పునాది వంటిది. పెద్దలు పనికిని, పిల్లలు బడికిని బయలుదేరుటకు ముందు తీసికొను ఆహారము ఒంటికి బలము నీయవలెను, కడుపునకు హితముగా నుండవలెను. కాని ఇతరులకు బలము నిచ్చు ఆహారమే కొందరికి హాని చేయుచున్నది. గోధుమయందలి యొక పదార్థము వారి చిన్నప్రేగును క్రమక్రమముగా దెబ్బతీయును. ఈ వ్యాధికి మందు లేదు; ఆహార నియమమే మందు. ఆ నియమమును పాటించుటకు ఖరీదైన ప్రత్యేకపు పిండులు కావలెనని పలువురు భయపడుదురు. ఆ భయము అనవసరము. తెలుగు వంటయింట తరతరములుగా నున్న దిబ్బరొట్టె ఇట్టివారికి తగిన ఆహారము. దానిని ఎట్లు చేయవలెనో, ఎట్టి జాగ్రత్తలు వహింపవలెనో ఖరగ్‌పూరు రైల్వే పట్టణమునందలి తెలుగు కుటుంబములను దృష్టియం దుంచుకొని ఇచట వివరింపబడినది.

ఖరగ్‌పూరు తెలుగువారు

పశ్చిమ బెంగాలులోని ఖరగ్‌పూరు రైలుమార్గముల కూడలిగా వెలసిన పట్టణము. ఒకప్పుడు ప్రపంచమున కెల్ల పొడవైనదని పేరొందిన 1,072.5 మీటర్ల ప్లాట్‌ఫారము ఇచటనే కలదు. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే ఈ పట్టణమును తన ముఖ్య కేంద్రములలో ఒకటిగా చేసికొని, ఇచట గొప్ప కార్ఖానాను నెలకొల్పినది. 1902లో తూర్పుతీరపు రైలుమార్గముయొక్క ఉత్తర భాగము ఆ కంపెనీలో కలసినది. శ్రీకాకుళము, విజయనగరము, విశాఖపట్టణము ప్రాంతముల ప్రజలకు ఖరగ్‌పూరు ఒకే రైలుదారిలోని ఊరైనది. పనికై వచ్చినవారు కాపురములు పెట్టిరి. వారి బిడ్డలు, మనుమలు అచటనే పెరిగిరి. 1955లో దక్షిణ పూర్వ రైల్వే ఏర్పడిన తరువాతను ఈ సంబంధము తెగలేదు. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గము తెలుగునకు అధికార భాషా హోదా కల్పింప నిశ్చయించుటకు ఖరగ్‌పూరు తెలుగువారి సంఖ్యయే ముఖ్య కారణము.

ఇన్ని తరములు గడచినను వీరి యిండ్లలో ఇడ్లీ, అట్టు, ఆవకాయ నిలిచియున్నవి. వానితోపాటు చుట్టుప్రక్కల వాడుకలును వచ్చి చేరినవి. మైదాతో చేయు లూచీ, కచోరీ, పరోటా. గోధుమపిండితో చేయు రొట్టె, పూరీ. టీతో నంజుకొను బిస్కత్తు — ఇవి యన్నియు గోధుమ వంటకములే. ఆరోగ్యవంతుల కిందువలన ముప్పు లేదు. గోధుమ పడనివారి కైతే ఈ పళ్ళెమంతయు నిషిద్ధము.

వ్యాధి స్వరూపము

గోధుమపిండిని నీటితో తడిపి మర్దించినచో సాగెడు గుణము వచ్చును. గ్లూటెన్ అను మాంసకృత్తు అందుకు కారణము. గోధుమయందే గాక బార్లీ, రై అను ధాన్యములయందును ఇట్టి మాంసకృత్తులు కలవు. కొన్ని జన్యువులు గలవారిలో కొందరికి గ్లూటెన్ కడుపులోనికి పోగానే శరీరముయొక్క రక్షణ వ్యవస్థ దానిని శత్రువుగా నెంచి పోరు సాగించును. ఆ పోరులో నలిగిపోవునది చిన్నప్రేగు. చిన్నప్రేగు లోపలి పొరపై మఖమలు గుడ్డ నూగువలె సన్నని చూషకములు నిండియుండును. ఆహారసారమును రక్తములోనికి పీల్చునవి యివియే. ఇవి చదునైపోయినచో ఎంత తినినను ఒంటికి పట్టదు. దీనిని సీలియాక్ వ్యాధి యందురు.

ఇంగ్లాండు వైద్యుడు శామ్యూల్ గీ 1888లో ఈ వ్యాధి లక్షణములను చక్కగా వర్ణించెను. ఆహారమును సరిచేయుటయే దీనికి చికిత్స యని గ్రహించెను. దోషము ఏ ఆహారములో నున్నదో తేల్చినవాడు హాలెండు దేశపు పిల్లల వైద్యుడు విల్లెం డికె. గోధుమ రొట్టె ఇట్టి పిల్లలకు హాని చేయుచున్నదని అతడు 1930ల నుండియే అనుమానించెను. రెండవ ప్రపంచ యుద్ధకాలమున, 1944-45 చలికాలపు కరవులో హాలెండునందు రొట్టె దొరకకపోయెను. ఊరెల్ల ఆకలితో కృశించుచుండగా ఈ వ్యాధి గల పిల్లలు మాత్రము కోలుకొనిరి. రొట్టె తిరిగి రాగానే మరల జబ్బుపడిరి. డికె తన పరిశోధనను 1950లో సిద్ధాంత గ్రంథముగా వెలువరించెను. నాటి నుండి నేటి వరకు గోధుమ, బార్లీ, రైలను జీవితాంతము విడచుటయే ఈ వ్యాధికి చికిత్సగా నున్నది.

దక్షిణాది వారికిది రాదా?

ఇది ఉత్తర హిందూస్థానపు రొట్టె తినువారి జబ్బనియు, అన్నము తినువారికి రాదనియు ఒక నమ్మకము కలదు. ఇందు సగమే సత్యము. 2016లో ప్రచురితమైన యొక పరిశోధనలో ఈ వ్యాధి ఉత్తర భారతమున నూటికి 1.23 మందికి, ఈశాన్య భారతమున 0.87 మందికి, దక్షిణమున 0.10 మందికి కనబడినది. కాని ఈ వ్యాధికి ఆధారమైన జన్యువులు మూడు ప్రాంతములలోను సుమారు ఒకే నిష్పత్తిలో నుండినవి. గోధుమ వాడుక మాత్రము ఉత్తరమున పలు రెట్లు అధికము. అన్నము ప్రధానమైన ఊరు విడచి గోధుమ విరివిగా వాడు పట్టణములో స్థిరపడిన కుటుంబములు ఈ సంగతిని తెలిసికొనియుండుట మంచిది. అరుదైన వ్యాధి యనగా లేని వ్యాధి యని యర్థము కాదు.

వ్యాధి తరచుగా మారువేషమున వచ్చును. కొందరికి నెలల తరబడి విరేచనములు, కడుపుబ్బరము ఉండును. మరికొందరికి కడుపు బాధయే యుండదు. బిడ్డ ఈడు పిల్లలంత ఎత్తు పెరుగకుండుట, ఇనుము మాత్రలు ఎన్ని వాడినను రక్తహీనత తగ్గకుండుట, నోటిపూత మాటిమాటికి వచ్చుట, ఎముకలు బలహీనపడుట మాత్రమే కనబడవచ్చును. ఇట్టి బిడ్డను గూర్చి "దీని శరీరతత్త్వమే అంత" యని యింటివారు సరిపెట్టుకొనుట కలదు. "సరిగా తినదు" అని కోపపడుటయు కలదు. తప్పు బిడ్డది కాదు, పెట్టిన తల్లిదియు కాదు. ఎదుగు వయసు తిరిగి రాదు గనుక ఆలస్యము చేయక వైద్యుని సంప్రదింపవలెను. ఇంటిలో ఒకరి కీ వ్యాధి యున్నట్లు తేలినచో తల్లిదండ్రులకు, తోబుట్టువులకు, బిడ్డలకు గూడ పరీక్ష చేయించుట యుక్తము. వారికిది వచ్చు అవకాశము ఇతరులకంటె ఎక్కువ.

ముందు పరీక్ష, తరువాత పథ్యము

ఇచట ఒక ముఖ్యమైన హెచ్చరిక. అనుమానము కలిగిన వెంటనే గోధుమ మానివేయుట పొరపాటు. రక్తములోని ప్రతిరక్షకములను కొలిచి మొదటి పరీక్ష చేయుదురు. అవసరమైనచో ఎండోస్కోపీ ద్వారా చిన్నప్రేగు నుండి చిన్న ముక్కను తీసి పరిశీలింతురు. రోగి గోధుమ తినుచున్నంత కాలమే ఈ పరీక్షలు నిజము చెప్పును. ముందుగా మానినచో ప్రతిరక్షకములు తగ్గిపోయి, వ్యాధి యున్నను లేనట్లు ఫలితము రావచ్చును. కావున పరీక్షలు ముగియువరకు మామూలు ఆహారమునే తీసికొని, వ్యాధి నిర్ధారణ యైన పిమ్మట పథ్యము ప్రారంభింపవలెను. గోధుమ అలర్జీ వేరు, సీలియాక్ వ్యాధి వేరు. ఆ భేదమును తేల్చవలసినవాడు వైద్యుడే.

దిబ్బరొట్టె గుణము

గోధుమ లేనిచో రొట్టె పొంగదని, విరిగిపోవునని సాధారణాభిప్రాయము. గోధుమ రొట్టెలో గాలిని పట్టి యుంచునది గ్లూటెనే యగుటచే ఈ యభిప్రాయము కలిగినది. మినుములలో గ్లూటెన్ లేదు. అయినను నానిన మినపపప్పును రుబ్బినప్పుడు అందలి మాంసకృత్తులును, జిగట పదార్థమును కలసి నురుగువలె గాలిని బంధించును. అందుచేతనే మినపపిండి రుబ్బినకొలది ఉబ్బును. దానిలో బియ్యపురవ్వ కలిపి దళసరిగా కాల్చినచో పైన కరకరలాడుచు, లోపల మెత్తగా నుండు రొట్టె తయారగును. ఇదియే దిబ్బరొట్టె, మినపరొట్టె యనియు దీనికి పేరు.

పోషణ దృష్టితో చూచినను ఇది మేలైనది. నూరు గ్రాముల మినపపప్పులో సుమారు 24 గ్రాముల మాంసకృత్తులు కలవు. బియ్యములో తక్కువగా నుండు లైసిన్ అను అంశము పప్పులో పుష్కలము. పప్పులో తక్కువగా నుండు మెథియొనీన్ బియ్యములో లభించును. ఒకదాని లోటును మరియొకటి తీర్చును. పొట్టు మినపపప్పు వాడినచో పీచుపదార్థము గూడ చేరును. గోధుమ మానినవారి ఆహారములో పీచు తగ్గుట సామాన్యము గనుక ఇది గమనింపదగిన విషయము.

పూర్వము దీనిని కాల్చు విధానము పొయ్యికన్న ఓవెనునకే దగ్గర. మందమైన మూకుడులో నూనె వేసి, పిండి పోసి, సన్నని సెగపై నుంచి, మూతపై నిప్పు కణికలు పేర్చెడివారు. క్రింది వేడియు పై వేడియు ఒకేసారి తగిలి రొట్టె రెండువైపుల ఎఱ్ఱగా కాలెడిది. నేటి విద్యుత్ ఓవెను చేయు పనియు ఇదియే. నేడును బొగ్గుల కుంపటి వాడువారు దానిని ఆరుబయట గాని, తలుపులు కిటికీలు తెరచిన చోట గాని ఉంచవలెను. మూసిన గదిలో బొగ్గు మండినప్పుడు వెలువడు కార్బన్ మోనాక్సైడ్ వాయువునకు వాసన లేదు; అది ప్రాణాపాయకరము.

చేయు విధానము

ముగ్గురు, నలుగురు కుటుంబీకులకు సరిపడు కొలతలివి:

మినపపప్పు — 100 గ్రాములు
బియ్యపురవ్వ — 200 గ్రాములు
జీలకఱ్ఱ — 1 చిన్న చెంచా
ఉప్పు — ముప్పాతిక చిన్న చెంచా
నూనె — 3 పెద్ద చెంచాలు

మినపపప్పును చేటలో పోసి, పరధాన్యపు గింజలు లేకుండ ఏరి, మూడుసార్లు కడిగి, రాత్రి నానవేయవలెను. నాలుగైదు గంటలు నానినను చాలును. ఉదయమున నీరు వంచి, కొద్దికొద్దిగా మాత్రమే నీరు చిలకరించుచు, గారెల పిండికంటె కొంచెము పలుచగా, నురుగు వచ్చునట్లు రుబ్బవలెను. బియ్యపురవ్వను వేరుగా కడిగి, గంటసేపు నానబెట్టి, గట్టిగా పిండి, ఈ పిండిలో కలుపవలెను. ఉప్పు, జీలకఱ్ఱ చేర్చవలెను. పిండి గరిటె నుండి ముద్దగా జారవలెను గాని నీరువలె కారరాదు. పులియబెట్ట నక్కరలేదు, పులుపు రుచి కోరువారు కొన్ని గంటలు నిలువ యుంచవచ్చును.

ఓవెను గలవారు దానిని 200 సెంటీగ్రేడు డిగ్రీలకు వేడి చేయవలెను. సుమారు 20 సెంటీమీటర్ల వెడల్పు గల ఇనుప పాత్రలో నూనె పోసి, ఆ పాత్రను పది నిమిషములు ఓవెనులో కాగనీయవలెను. తరువాత జాగ్రత్తగా వెలుపలికి తీసి పిండి పోసి సమముగా పరచినచో అంచులు చుయ్యిమని కాలనారంభించును. వెంటనే ఓవెనులో పెట్టి 30 నుండి 35 నిమిషములు ఉంచవలెను. నడుమ సన్నని పుల్ల గ్రుచ్చి తీసినప్పుడు పిండి అంటనిచో రొట్టె కాలినట్లే. పది నిమిషములు ఆరనిచ్చి కోసినచో ముక్కలు విరుగవు.

ఓవెను లేనివారు అదే పిండిని మందపాటి మూకుడులో పోసి, మూత పెట్టి, సన్నని మంటపై 15 నుండి 20 నిమిషములు కాల్చి, అట్లకాడతో తిరుగవేసి, మరి ఏడెనిమిది నిమిషములు ఉంచవలెను. మంట హెచ్చించినచో అడుగు మాడి నడుమ పచ్చిగా నుండును, తొందర తగదు.

అల్లపు పచ్చడి, కొబ్బరి పచ్చడి, ఆవకాయ, బెల్లపు పాకము — ఏది యైనను దీనికి నంజుడే. చలికాలమున బెంగాలులో దొరకు ఖర్జూరపు బెల్లపు పాకము పిల్లలకు మిక్కిలి ప్రీతికరము. రొట్టె చల్లారినను రుచి చెడదు గనుక బడి డబ్బాకును, రైలు ప్రయాణమునకును అనుకూలమైనది.

కంటికి కనబడని గోధుమ

పథ్యము చెడుట తరచుగా తెలిసి తినుటవలన గాక తెలియక తినుటవలన జరుగును. 2007లో వెలువడిన యొక పరిశోధనలో, దినమునకు 50 మిల్లీగ్రాముల గ్లూటెన్ మూడు నెలలపాటు తీసికొనినచో ఈ వ్యాధి గలవారి ప్రేగునకు హాని కలుగునని తేలినది. సుమారు అర గ్రాము గోధుమపిండిలో ఆ మాత్రము గ్లూటెన్ ఉండును. అది చిన్న చెంచాలో ఐదవ వంతు మాత్రమే! కావున ఈ క్రింది విషయములను ఇంటివారందరు గుర్తుంచుకొనవలెను.

మొదటిది రవ్వ. ఇడ్లీరవ్వ బియ్యముతో చేసినది. బొంబాయిరవ్వ గోధుమతో చేసినది. బెంగాలులో సూజీ యనునది గోధుమరవ్వయే. దుకాణములో అడుగునప్పుడు బియ్యపురవ్వ యని స్పష్టముగా చెప్పవలెను. దొరకనిచో బియ్యము కడిగి, ఆరబెట్టి, ఇంటనే రవ్వ చేసికొనవచ్చును.

రెండవది పిండిమర. గోధుమ ఆడించిన మరలోనే బియ్యము ఆడించినచో మరలో మిగిలిన గోధుమపిండి ఇందులో కలియును. ఇంటి గ్రైండరు గాని, రుబ్బురోలు గాని మేలు.

మూడవది ఇంగువ. బజారులో దొరకు ఇంగువ పొడులు కొన్నింటిలో గోధుమపిండి కలుపుదురు. పొట్లముపై చేర్పుల పట్టికను చదివి కొనవలెను. సందేహ మున్నచో ఇంగువ మానుట మంచిది.

నాల్గవది పాత్రలు. చపాతీల పీట, అప్పడాల కఱ్ఱ, పిండి జల్లెడ గోధుమకు వాడినవి ఈ వంటకు వాడరాదు. పూరీలు, లూచీలు వేయించిన నూనె పనికిరాదు. రొట్టెకు ఒక మూకుడు, ఒక అట్లకాడ ప్రత్యేకముగా నుంచుట ఉత్తమము. గోధుమపిండి గాలిలో తేలి పడును గనుక ముందు ఈ వంట ముగించి, మూతపెట్టి, తరువాతనే ఇతరులకు చపాతీలు చేయవలెను.

ఐదవది డబ్బా ఆహారములు. మాల్టు పానీయములు బార్లీతో చేసినవి. సేమ్యా సాధారణముగా గోధుమది. గ్లూటెన్ రహితమని ముద్రించిన ఆహారములో కిలోకు 20 మిల్లీగ్రాములకు మించి గ్లూటెన్ ఉండరాదని భారత ఆహార భద్రతా ప్రమాణముల సంస్థ నియమము. ఆ ముద్ర కలదో లేదో చూచుట వినియోగదారుని హక్కు.

ఇరుగుపొరుగు వంటలు

పథ్యమున్న బిడ్డ పొరుగింటి కెళ్ళరాదని, పండుగలలో పాల్గొనరాదని ఎవ్వరును తలపరాదు. బెంగాలు వంటయింటిలోను గోధుమ లేనివి పెక్కు కలవు. మేదినీపూరు ప్రాంతమున ఉదయమున తిను మూడీ, అనగా మరమరాలు, బియ్యముతో చేసినవే. అటుకులును అంతే. పౌష సంక్రాంతికి బియ్యపుపిండితో మట్టి మూసలలో మూతపెట్టి కాల్చు ఆస్కే పిఠే మన దిబ్బరొట్టెకు చుట్టము వంటిది. కాని పాటిసాప్టా వంటి పిఠేలలో మైదా గాని, సూజీ గాని కలుపు వాడుక కలదు గనుక అడిగి తెలిసికొని తినవలెను. తెలుగువారి పెసరట్టు, బియ్యపురవ్వ ఇడ్లీ, జొన్నరొట్టె, రాగిజావ యన్నియు నిరపాయములే, పైన చెప్పిన జాగ్రత్తలు పాటించిన యెడల.

బిడ్డకు వేరుగా వండి, వేరుగా కూర్చుండబెట్టుటవలన ఆమె మనస్సు చిన్నబోవును. దిబ్బరొట్టె విషయములో ఆ యవసరము లేదు. ఇది రోగి ఆహారము కాదు. ఇంటిల్లిపాది ఇష్టపడి తిను ఆహారము. వారమునకు రెండు, మూడు దినములు అందరును ఉదయము ఇదే తినినచో వంట తేలికయగును, పథ్యము భారము కాదు. బడి ఉపాధ్యాయులకును, బంధువులకును ఒకసారి విషయము తెలిపియుంచినచో "ఒక్క బిస్కత్తు తింటే ఏమి?" అను బలవంతములు తప్పును.

పథ్యము నియమముగా సాగిన యెడల పలువురు పిల్లలలో కొన్ని వారములలోనే ఆకలి, ఉత్సాహము మెరుగుపడును. ప్రేగు పూర్తిగా మానుటకు నెలలు, పెద్దలలో ఒక్కొక్కప్పుడు సంవత్సరములు పట్టును. బాధ తగ్గినదని మరల గోధుమ ప్రారంభింపరాదు. వైద్యుడు చెప్పిన గడువున రక్తపరీక్ష చేయించుచు, ఎత్తు, బరువు వ్రాసియుంచుచు, అవసరమైన ఇనుము, విటమినులు ఆయన సలహాపై వాడవలెను. బిడ్డ ఎదుగుదల ఆగినట్లు గాని, రక్తహీనత ఎంతకును తగ్గనట్లు గాని తోచినచో సమీపపు ఆసుపత్రికి కొనిపోయి, సీలియాక్ వ్యాధి కావచ్చునా యని వైద్యుని అడుగవలెను.